ఆ పలకను తియ్యనన్నాను

దివిసీమలో ఒక హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. మా తొమ్మిదో తరగతి గదిలో పెద్ద టచ్ ప్యానెల్ బిగించిన రోజున అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. ఇరవయ్యేళ్లు సుద్దపొడి పీల్చినదాన్ని. అంతకుముందున్న ప్రొజెక్టర్ ముందు నిలబడితే లెక్కంతా నా చీర మీద పడేది. ఇందులో ఆ బాధ లేదు. వేలితో గీస్తే గీత పడుతుంది, చెయ్యి తిప్పితే శంకువు గిరగిరా తిరుగుతుంది.

నెల తిరిగేసరికి దాని సంగతీ తెలిసింది. రాస్తున్నంతసేపూ నా వీపు పిల్లల వైపే. మోచెయ్యి తగిలితే సగం లెక్క చెదిరిపోయేది. మధ్యాహ్నం పడమటి కిటికీ వెలుగు పడితే వెనక బెంచీలకు ఏమీ కనపడేది కాదు. బొమ్మలకు దాన్ని మించింది లేదు గాని, పొడుగాటి లెక్కకు నల్లబల్లే నయం.

ఇవన్నీ నా ఇబ్బందులు. అసలు ఇబ్బంది ఒక అమ్మాయి చెబితే గాని నాకు తెలియలేదు.

ఆ అమ్మాయి చక్రాల కుర్చీలో బడికి వస్తుంది. ప్యానెల్ ఉన్నది సిమెంటు గట్టు మీద, ఎక్కడానికి రెండు మెట్లు. ఒకరోజు వరసగా అందరినీ పిలిచి లెక్క చేయిస్తూ, ఆమెను దాటేసి పక్కమ్మాయిని పిలిచాను.

"ఈ లెక్క నాకూ వచ్చు మేడమ్," అంది.

"అక్కణ్ణించే చెప్పమ్మా, నేను రాస్తాను."

"ఎప్పుడూ మీరే రాస్తారు. నా తప్పులు కూడా మీరే దిద్దేసి రాస్తారు. నేనెలా చేస్తానో ఎవరికీ తెలీదు."

ఎనిమిదో తరగతి నుంచీ నా దగ్గరే చదువుతున్న పిల్లను ఒక్కసారీ బోర్డు దగ్గరికి పిలవలేదు నేను. దాన్ని జాలి అనుకున్నాను.

కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న పెన్ ట్యాబ్లెట్ ఒకటి ఇంట్లో ఉంది. పలకలాంటిదే. దాని మీద పెన్నుతో రాస్తే అక్షరాలు తెర మీద పడతాయి. చేతిని చూసుకోకుండా తెరను చూస్తూ రాయాలి. అది అలవాటు కావడానికి నాకే పది రోజులు పట్టింది. మర్నాడు దాన్ని తెచ్చి ప్యానెల్‌కు కలిపి, ఆ అమ్మాయి ఒళ్లో పెట్టాను.

మొదటి సమీకరణం వంకరటింకరగా వచ్చింది. పిల్లలు నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. మీ వంతూ వస్తుంది," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

మూడో వరసలో మైనస్ గుర్తు మర్చిపోయింది. గదంతా ఒక్కసారిగా అరిచింది. చెరిపి, దిద్ది, మళ్లీ రాసింది. అంత దర్జాగా తప్పు చేసిన పిల్లను నేనింకెక్కడా చూడలేదు.

ఆ రోజు నుంచి పలక బెంచీ బెంచీకి తిరిగింది. లేచి నిలబడాలంటేనే వణికే పిల్లలు కూడా కూర్చున్నచోటే రాశారు. నేను గది మధ్యలో నిలబడి, వాళ్ల ముఖాలు చూస్తూ పాఠం చెప్పాను.

వారం తిరక్కుండా హెడ్మాస్టరు గారు పిలిచారు.

"సొంత వస్తువులు తగిలించకూడదండీ మేడమ్. ప్యానెల్‌కి ఏదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. తీసేయండి."

"తియ్యను సార్. ఏమైనా అయితే బాధ్యత నాదేనని రాసిస్తాను."

అప్పటికప్పుడే రాసిచ్చాను.

కొన్నాళ్లకు బందరు నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. పలకను చూసి, అంత పెద్ద ప్యానెల్ ఉండగా ఇదెందుకన్నారు. ఒక్క పది నిమిషాలు కూర్చోమన్నాను. ఒకే లెక్కను నల్లబల్ల మీద ఒకసారి, ప్యానెల్ మీద వేలితో ఒకసారి నేను చేశాను. మూడోసారి పలకను ఆ అమ్మాయికిచ్చాను. తడబడకుండా చేసింది.

"బాగానే ఉందండీ. కానీ లిస్టులో లేని వస్తువు వాడకూడదు కదా? ఆ అమ్మాయి చెప్తుంటే మీరు రాయండి, సరిపోతుంది."

"అయితే ఈ విద్యార్థిని బోర్డు మీద రాయనక్కర్లేదని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టండి సార్. ఇప్పుడే తీసేస్తాను."

ఆయన పెన్ను తీశారు. ఆ అమ్మాయి ఆయన్నే చూస్తోంది. కాసేపటికి పెన్ను జేబులో పెట్టేసుకుని, "గట్టుకి చక్రాల కుర్చీ ఎక్కేలా వాలు కట్టించమని అర్జీ పెట్టండి," అని వెళ్లిపోయారు.

మూడు అర్జీలు పెట్టాను. వాలు ఇంకా రాలేదు. హెడ్మాస్టరు గారు చాలారోజులు నాతో ముభావంగా ఉన్నారు, తీసేయమని మాత్రం మళ్లీ అనలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. పలక తనకే ముందు కావాలని అందరితోనూ పోట్లాడుతుంది.

మొన్న గుడివాడలో టీచర్లకు శిక్షణ పెట్టారు. చివర్లో ఒక ఫారం ఇచ్చారు. ప్యానెల్ 'బాగుంది', 'చాలా బాగుంది' అని రెండే గడులు. దేనికీ టిక్కు పెట్టలేదు. కాగితం తిరగేసి, ఏది ఏ పాఠానికి పనికొస్తుందో, ఏది ఏ పిల్లలకు అందదో నిండా రాశాను.

"అటువైపు రాయకూడదండీ," అన్నారు ఫారాలు తీసుకునే ఆయన.

"రాసేశానండీ," అని ఆయన చేతిలో పెట్టి బయటికొచ్చాను.