మామయ్య బతికే ఉన్నాడని

ఆ ఉదయం బూర్గంపాడులో మా అమ్మ టీ పొయ్యి మీదే వదిలేసి ఏడుపు మొదలుపెట్టింది. తిరుమలాయపాలెంలో ఉండే మా మేనమామ పోయాడట. అమ్మ పుట్టింటి చర్చి వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో ఉంది. చుట్టూ తెల్లపూలు, పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి. దాని కింద వరసగా సంతాపాలు.

"ఒక్కసారి మామయ్యకే ఫోన్ చేద్దామమ్మా" అన్నాను.

"చచ్చిపోయినోనికి ఫోన్ జేస్తవా? బుద్ధుందా నీకు?"

"పోనీ, అత్తయ్యకు?"

"ఏడ్సుకుంట కూసున్నదానికి ఫోన్ జేసి, నీ మొగుడు నిజంగనే పోయిండా అని అడగమంటవా? గంతమంది పెట్టిండ్రు. అందరికీ అబద్ధమాడే పనేంది?"

వెంటనే తిరుమలాయపాలెం బయల్దేరాం. బస్సులో అమ్మ చూడకుండా మామయ్య నంబరుకు చేశాను. ఎంగేజ్. ఆశపడాలో, అత్తయ్య బంధువులకు కబురు చెబుతోందని అనుకోవాలో తెలియలేదు. జూలూరుపాడు దాటినా అమ్మ తన అన్న మంచితనం గురించి పక్క సీటావిడకు చెబుతూనే ఉంది. ఖమ్మంలో దిగి పూలదండ కొన్నాం.

మేం వెళ్లేసరికి మామయ్య బనీనుతో వాకిట్లో నిలబడి ఫోన్లో అరుస్తున్నాడు. "అవ్, నేనే మాట్లాడుతున్న! నేను పోలే!"

అమ్మ చేతిలోంచి దండ జారిపోయింది. ఆయన్ని పట్టుకుని భోరుమంది. ఆ వెంటనే వీపు మీద ఒక్కటి చరిచింది.

"అన్నా, ఆ ఫోటో పెట్టినోడు ఎవడే?"

మామయ్య తల దించుకున్నాడు. కొత్త ఫోన్లో ఫోటోకి ఫ్రేములు కనిపిస్తే, వాటిలో అందమైనది ఏరి తానే పెట్టాడట. ముందు ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ తర్వాతివాళ్లు అది చూసి ఆత్మశాంతి కోరేశారు.

మధ్యాహ్నం మామయ్య "నేను బతికే ఉన్నాను" అని గ్రూపులో రాశాడు. "ఆయన ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని ఒకరు అడిగారు. వీడియో తీసి పెడితే, "ఇది పాతదేమో" అన్నారు ఇంకొకరు. పొద్దున పూల ఫ్రేము చూసి నమ్మేసినవాళ్లకే సాయంత్రానికి ఏ రుజువూ చాలలేదు.

ఎలాగూ వచ్చాం కదా అని మేం ఆదివారం దాకా ఉండిపోయాం. ఆ రోజు మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక ఒక ముసలావిడ దగ్గరికొచ్చి ఆయన చెయ్యి గట్టిగా గిల్లింది.

"అబ్బా!" అన్నాడు మామయ్య.

ఆమె వెనక్కి తిరిగి, "అవ్, ఉన్నడు" అని అందరికీ చెప్పింది.