మిద్దె మీది ప్రార్థన

నా భార్యకు పెళ్లినాటికే ఉబ్బసం. వీపుకు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. "ఈ పిల్ల ఎన్నాళ్లుంటాదిలే" అని మా పెళ్లిపందిట్లోనే బంధువులు గుసగుసలాడారు.

యాభైల చివర్లో, దేశదేశాలు తిరిగిన ఫ్లూ జ్వరం కోడుమూరు దాటి మా ఊరికీ వచ్చింది. నేను అక్కడ క్రైస్తవ సంఘం బడిలో పంతుల్ని. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేవాణ్ని. గట్టివాళ్లు జ్వరం పడినా కొద్దిరోజులకే లేచి చేలకు పోయారు. కానీ గుడిగంట కొట్టే తాత, ఏళ్లుగా దగ్గుతో బాధపడుతున్న మనిషి, మళ్లీ లేవలేదు. ఆయన్ను సమాధి చేసి వచ్చినప్పటి నుంచి నాకు దిగులు పట్టుకుంది. నా భార్య ఊపిరితిత్తులు పెద్ద జ్వరాన్ని తట్టుకోలేవని మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ అంతకుముందే హెచ్చరించింది.

ఇంతలో వానగాలికి ఆమెకు ఆయాసం ఎక్కువైంది. మా సంఘంలో ఎవరికి బాగాలేకపోయినా అందరూ పోయి మంచం చుట్టూ మోకాళ్లూని, రోగి తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఆ సాయంత్రమూ అలాగే వచ్చారు. మా అమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఏమత్తా, ప్రార్థనకొచ్చినోళ్లని లోపలికి రానియ్యవా?" అంది పక్కింటావిడ.

"రానియ్యను. వీధిలో చేసుకోండి. దేవునికేమన్నా చెవుడా?"

"నీకు విశ్వాసం తగ్గిండాది!"

"నా విశ్వాసం ఉండేకాడే ఉండాది. ఆ మొదటి పెద్ద యుద్ధమప్పుడు ఇట్లాంటి జ్వరమే వచ్చె. మా చెల్లెలికీ ఉబ్బసమే. ఇల్లు పట్టనంత మంది దగ్గుకుంటా వచ్చి చేతులుంచిరి. వాళ్లంతా బతికిరి, అది పాయె. ఈ పిల్లను నేను పోనియ్యను."

వాక్యం చదివేవాడి ఇంట్లోకే ప్రార్థన రాకూడదా అని నేను సిగ్గుతో తల దించుకున్నాను. వాళ్లు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు. మరుసటి రోజుకే పక్కింటావిడ జ్వరంతో పడుకుంది.

లోపల నా భార్య రొప్పుతూ అంది: "అందరూ నన్ను ఇడిసిపెట్టినట్టుండాది. ఒక్క పాట వింటే చాలు."

జ్వరం ఆమెను ఇంకా ముట్టలేదు. అయినా బతుకుతాననే ఆశ సడలిపోతోంది. నేను పోయి మిద్దెలు కప్పే మేస్త్రికి చెప్పుకున్నాను. ఆయన మా సంఘపెద్ద కూడా. పొద్దువాలే వేళకు, జ్వరంలేని నలుగురిని వెంటబెట్టుకుని నిచ్చెనతో వచ్చాడు.

"పెద్దమ్మా, నువ్వు మూసింది వాకిలే కదా. మేము మిద్దెక్కుతాం. బైబిల్లో పక్షవాతమొచ్చినోణ్ని, వాకిట్లో జనం పట్టక, కప్పు ఇప్పి ప్రభువు ముందర దించిరి. మేము పాట దించుతాం."

అమ్మకు నవ్వాగలేదు. "ఎక్కప్పా. మిద్దె కారితే మాత్రం మన్ను నువ్వే పోయల్ల."

మా మట్టిమిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాక్షం సరిగ్గా మంచం పైనే ఉంది. అందులోంచి పాట దిగింది, ఆ వెనకే ప్రార్థన. నా భార్య చేతులు జోడించి పైకి చూస్తూ కూర్చుంది. ప్రతి సాయంత్రం వాళ్లు వచ్చారు. కొన్నాళ్లకు కింద నుంచి సన్నగా ఆమె గొంతూ కలిసింది. అది విని పైన మేస్త్రి, "గట్టిగా పాడమ్మా, వినపడల్యా!" అని కేక వేశాడు. మా గడప దాటకుండానే ఆ జ్వరం ఊరు విడిచింది.

పెళ్లిపందిట్లో ఆమె ఆయుష్షు లెక్కగట్టిన వాళ్లలో చాలామంది ఆమెకంటే ముందే వెళ్లిపోయారు. ఆమె అవే దిండ్లకు ఆనుకుని మనవరాలి పెళ్లి కూడా చూసింది. ఆమెను బతికించింది అమ్మ పట్టుదలా, సంఘం ప్రార్థనా అని నన్ను అడిగినవాళ్లున్నారు. రెండూ ఒకే చేతినుంచి వచ్చాయి, రెండింటికీ స్తోత్రం చెల్లిస్తున్నాను.

మేస్త్రి మాట ప్రకారం మన్ను పోశాడు గానీ, నలుగురూ తొక్కిన ఆ చోట మిద్దె కారడం మానలేదు. వాన మొదలైతే చాలు, నా భార్య మంచం మీంచి నవ్వుతూ పిలిచేది:

"సంఘమొచ్చిండాది, గిన్నె పెట్టండి!"