గ్రహణం నాటి గొళ్లెం

దేశ రాజధానిలోని ఆర్.కె.పురం సర్కారీ క్వార్టర్లలో గుమాస్తా భీమశంకరం కోపం ఎరగని గుమ్మం లేదు. రోజూ పొద్దున్నే పేపర్లోంచి సైన్సు వార్త కత్తిరించి మెట్ల దగ్గరి బోర్డుకి గుచ్చుతాడు. దాని మీద ఎవరైనా సత్సంగం కాగితం అంటిస్తే పరపరా చింపేస్తాడు. తొంభై అయిదులో దీపావళి మర్నాడే సూర్యగ్రహణం వచ్చింది. నల్ల ఫిల్ము కళ్లద్దాలు పెట్టుకుని, డాబా మీద ఒక్కడే నిలబడి, మూసిన కిటికీలన్నిటి మీదా విరుచుకుపడ్డాడు. “అరే, బాహర్ ఆవో భాయ్! క్వార్టర్లలో ఉన్నారా, గుహల్లో ఉన్నారా?” ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ మంటతోనే దిగివచ్చి, ఆవకాయ జాడీ మీద దర్భ చూసి భార్యను దులిపేశాడు.

“దర్భ నేనే వేశాను. మరి ఆ గొళ్లెం ఎవరు పెట్టారండీ?” అందావిడ, పడకగది వైపు చూపిస్తూ.

లోపల ఆరో నెల కడుపుతో ఉన్న కూతురు హరిత తలుపు బాదుతోంది. “పాపా, ఖోలో నా! కడుపుతో ఉన్నవాళ్లకి ఏమీ కాదని బోర్డు మీద పెట్టింది నువ్వే కదా!”

భీమశంకరం కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“విడిచేదాకా నోరు మూసుకుని పడుకోవే!” అని తలుపు మీద అరిచాడు.