బ్రేకు కాలు బాబాయి

మా బాబాయి కుడికాలు సర్వకాల సర్వావస్థలలోనూ బ్రేకు మీదే ఉంటుంది. అక్కడ బ్రేకు ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. మంగలి కత్తెర చెవి దాకా వచ్చినా, పెళ్లిలో ఎవరైనా ఉపన్యాసానికి లేచినా, ఆ పాదం నేలను అదుముతుంది. ఒకసారి నేను పద్యం చదువుతూ రాగం సాగదీయబోతే బల్ల కింద టప్పుమని వినిపించింది. పద్యం అక్కడే ఆగింది. సభ ఆయనకు నేటికీ కృతజ్ఞతతో ఉన్నదని వినికిడి.

బాబాయికి, పిన్నికి మొక్కల నర్సరీ ఉంది. కుండీలు మోయడానికి ఒక పాత లారీ ఉంది. అది వయసులో నాకంటే పెద్దది, మర్యాదలో ఎవరికంటేనైనా చిన్నది. భుజం పట్టేసిన నాటినుంచి బాబాయి స్టీరింగును పిన్నికి అప్పగించి, పక్క సీటును అలంకరించాడు. అలంకరించి ఊరుకుంటే ఆయన బాబాయి ఎలా అవుతాడు? ప్రతి మలుపులోనూ ఆయన పాదం కిందనున్న రబ్బరు పట్టాకు నరకయాతనే. బండి ఆగగానే, "చూశారా, ఎంత నేర్పుగా ఆపిందో!" అనేవాడు. ఆపేది ఆవిడ, ఆయాసం ఈయనది.

వానలో తడిస్తే ఆ లారీ డ్రమ్ బ్రేకులు వైరాగ్యం వహించేవి. అందుచేత ముందు చక్రాలకు డిస్కులు, పెడల్‌కు తోడుగా, తొక్కుడు బలాన్ని పెంచే బూస్టరు బిగించాలని నిశ్చయమైంది. పెడల్ నుంచి పక్క సీటు వైపు పోతున్న ఒక కడ్డీని చూసి మెకానిక్ అడిగాడు.

"ఇదెందుకండీ?"

"బండికి బలం. దాని జోలికి పోకు" అన్నాడు బాబాయి.

పాత బండిలో ఏ ఇనుము దేనికో తెలియనప్పుడు దానిని బలమని భావించడం మెకానిక్కుల సంప్రదాయం. అతడూ భావించాడు.

కొత్త బ్రేకులతో చేసిన తొలి ప్రయాణంలోనే ముందు చక్రాలనుంచి పొగ లేచింది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని తర్కశాస్త్రం. నిప్పు ఉన్నచోటికి మెకానిక్ రాక తప్పదని లోకానుభవం. అతడు వచ్చి, డ్రమ్ముల కాలపు మాస్టర్ సిలిండర్ ప్రెషర్‌ను వదలడం లేదని దానిని మార్చాడు. పొగ మారలేదు. గొట్టాలు లోపల ఉబ్బాయని గొట్టాలు మార్చాడు. డిస్కును పట్టుకునే కాలిపర్లు ఇరుక్కున్నాయని వాటినీ మార్చాడు. పొగ మాత్రం స్థితప్రజ్ఞతతో అలాగే ఉంది.

"నేను తోలితే చల్లగానే ఉందమ్మా. చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు మెకానిక్.

"మేము ఎక్కగానే కాలుతోందిగా. నువ్వు తోలినంతసేపు బండి ఉపవాసంలో ఉంటుందా?" అంది పిన్ని.

"మీరు బ్రేకు మీద కాలు ఆనించి తోలుతున్నారేమో..."

పిన్ని చూసిన చూపుకు ఆ వాక్యం మధ్యలోనే నిలిచిపోయింది.

"ఆవిడనేమీ అనకు" అన్నాడు బాబాయి, ఎందుకో కాస్త కంగారుగా. "ఆవిడ కాలు అలాంటిది కాదు."

ఇంతలో ఒక హోటలు యజమాని ఆ లారీ మీద మనసుపడ్డాడు. ఇంజను తీసేసి, ఆ ఖాళీలో పూలమొక్కలు పెంచి, హోటలు ముందు నిలబెడతాడట.

"ఆదివారంలోగా పొగ ఆగకపోతే ఇచ్చేస్తాను" అంది పిన్ని. "నాకు మొక్కలు మోసే బండి కావాలి, మొక్కలు మొలిచే బండి కాదు."

కుర్చీలో కూర్చున్న బాబాయి కాలు నేలను గట్టిగా తొక్కింది. ఆదివారం ఆగేటట్టు కనిపించలేదు.

మెకానిక్ ఒక్కడే తోలితే పొగ లేదు. పిన్ని ఒక్కతే నర్సరీ చుట్టూ తిప్పినా లేదు. ఏది ఉంటే ఫలితం ఉంటుందో, ఏది లేకుంటే ఉండదో అదే కారణమని శాస్త్రాలు గొంతు చించుకుంటున్నాయి. కనుక మరునాడు ఒక కుండీని ఒళ్లో పెట్టుకుని వాళ్లిద్దరి మధ్య నేనూ ఆసీనుడనయ్యాను. దారిలో ఒక సైకిలు అడ్డువచ్చింది, బండి కుదిపింది, నా కుండీ జారింది. దానికోసం వంగినవాడిని అలాగే ఉండిపోయాను. పిన్ని పాదం ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది. పక్కనున్న బ్రేకు పెడల్ మాత్రం దెయ్యం తొక్కినట్టు తనంతట తాను దిగుతోంది. ఇటుపక్క బాబాయి పాదమూ, దాని కింద రబ్బరు పట్టా కూడా దిగుతున్నాయి.

పిన్ని కుండీలు అందించడానికి ఒక ఇంట్లోకి వెళ్లగానే అడిగాను.

"బాబాయ్, ఆ పట్టా కింద ఏముంది?"

"నేల."

"కుంగే నేలా?"

"మెల్లగా అఘోరించు" అని గొంతు తగ్గించాడు. "మీ పిన్ని బండి నేర్చుకునేటప్పుడు మనవాళ్లంతా గేటు దగ్గర చేరి నవ్వేవాళ్లు. ఒక్కసారి ఎక్కడైనా గుద్దిందంటే మళ్లీ స్టీరింగు ముట్టుకోదు. అందుకని ఆ కడ్డీ వేయించి, ఇటు చిన్న పెడల్ పెట్టించాను. ఆగినప్పుడల్లా తనే ఆపాననుకుంది. ధైర్యం వచ్చింది."

"ధైర్యం వచ్చాక తీసేయవచ్చుగా?"

"తనకు వచ్చింది. నా కాలికి రాలేదు." ఒక నిట్టూర్పు విడిచాడు. "పాత డ్రమ్ములు ఓర్పుగలవిరా. కాలు ఊరికే ఆనించినా పట్టించుకునేవి కావు. ఈ డిస్కులకు రోషమెక్కువ. దానికి తోడు ఆ బూస్టరొకటి, గోరంతను కొండంత చేసి చెబుతోంది. రేపు ఆ కడ్డీ తీయించెయ్. మీ పిన్నికి తెలియనీయకు."

మరునాడు షెడ్డులో మెకానిక్ రెంచి పట్టుకుని లారీ కిందికి దూరాడు. ఆ దృశ్యం చూడలేక బాబాయి టీ నెపంతో వీధిలోకి పోయాడు. ఆయన అటు వెళ్లడమే తడవు, పిన్ని ఇటు వచ్చింది.

"ఆ కడ్డీ తీయకు. దాన్ని కాస్త వదులు చేసి, ఒక స్ప్రింగు వెయ్యి. కాలు ఆనిస్తే కదలకూడదు, గట్టిగా తొక్కితేనే కదలాలి."

నేను నోరు తెరిచాను. "నీకు తెలుసా పిన్నీ?"

"నా కాలి ముందు పెడల్ దానంతటది దిగుతుంటే తెలియకపోవడానికి నేనేమైనా పండితురాలినా?" అంది నా వైపు చూసి. "పొగకు కారణం ఆయన కాలేనని మాత్రం నిన్ననే తట్టింది, నువ్వు వంగినవాడివి లేవకపోతే."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నావు?"

"స్టీరింగు వదిలాక మనిషి బాగా డీలాపడ్డారు. అందుకని అప్పుడప్పుడు కావాలనే ఆలస్యం చేస్తాను. ఆయనే ఆపుతారు. ఆ పూటంతా హుషారుగా ఉంటారు."

లారీ కిందనుంచి ఒక గొంతు వినిపించింది. "అంటే అమ్మగారూ, మీరిద్దరూ ఒకరినొకరు చూసుకుంటుంటే, మధ్యలో నేను కాలిపర్లు మార్చుకుంటూ కూర్చున్నానన్నమాట."

ఆదివారం ఊరంతా తిరిగివచ్చినా చక్రాలు చల్లగా ఉన్నాయి. హోటలు యజమానికి పిన్ని లారీకి బదులు రెండు పూలకుండీలు అంటగట్టి పంపింది. కడ్డీ తీసేశామని బాబాయికి ఎవరూ చెప్పలేదు, తీయలేదనీ చెప్పలేదు.

సాయంత్రం మళ్లీ మధ్యలో నేనే. మలుపు దగ్గర ఒక దూడ రోడ్డు మీదికి వచ్చింది. అది ఇంకా దూరంగానే ఉంది. పిన్ని యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసింది గాని బ్రేకు వైపు జరపలేదు. తీరిగ్గా అద్దం సర్దుకుంది. బాబాయి అలవాటు కొద్దీ కాలు గట్టిగా అదిమాడు. లారీ వినయంగా ఆగింది. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి పట్టా వంక చూసి, నా వంక చూసి, గొంతు సవరించుకున్నాడు.

"చూశావురా, మీ పిన్ని ఎంత నేర్పుగా ఆపిందో!"

"అవునండీ" అంది పిన్ని, గేరు మారుస్తూ. "అంతా మీరు నేర్పిందే."