జేబులో బీటు పుస్తకం

మా హెడ్ కానిస్టేబులుకూ నాకూ చెడింది పటీల దగ్గర. అప్పట్లో కానిస్టేబుళ్లం మోకాళ్ల దాకా గుడ్డ పటీలు చుట్టుకునేవాళ్లం. పరేడ్‌లో నా పటీ జారిందని ఆయన అందరి ముందూ నన్ను వరసలోంచి బయటికి లాగాడు. ఆ తర్వాత మూడు నెలలు నేనాయనతో మాట్లాడలేదు. ఆయన నాకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు, నాకు డ్యూటీ చెప్పాలన్నా సెంట్రీ చేత చెప్పించేవాడు. దాన్ని పౌరుషం అనుకున్నాం ఇద్దరం.

ఆ మాఘమాసంలో ఒక ఊరి కల్లంలోంచి రెండు బస్తాల ఎండుమిరపకాయలు పట్టపగలే పోయాయి. ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకే సాయిబు మీద రైతుకు అనుమానం. హెడ్డు అతన్ని దూది ఏకే విల్లుతో సహా పట్టుకొచ్చాడు. ఆ రోజు తాను ఆరేడు మైళ్ల అవతల ఇంకో ఊళ్లో దూది ఏకుతున్నానని సాయిబు మొత్తుకున్నాడు.

నిజమే. ఆ మధ్యాహ్నం గస్తీగా ఆ ఊరు బీటుకెళ్లి, మునసబు చేత బీటు పుస్తకంలో టైము వేయించి సంతకం పెట్టించుకున్నది నేనే. పక్కింటి దొడ్లో మూతికి గుడ్డ కట్టుకుని ఇతను పనిలో ఉన్నాడు. అతను నన్ను చూడలేదు, నేను చూశాను.

"ఆ రోజు అటు బీటుకెళ్లినవాళ్లు ఇతన్ని చూశారా?" అన్నాడు హెడ్డు, గోడకేసి చూస్తూ.

వెళ్లింది ఎవరో ఆయనకు తెలుసు, డ్యూటీ వేసింది ఆయనే. నన్ను పేరు పెట్టి అడగలేదు గనక నేనూ పలకలేదు. పుస్తకం జేబులో పెట్టుకుని బెల్టు బిళ్ల తోముతూ కూర్చున్నాను. కేసు వీగిపోయి ఆయన పరువు పోతే చూడాలని నా కోరిక. సాయిబు సబ్‌జైలుకు పోయాడు.

పద్నాలుగో రోజు, వాయిదాకు ముందు, అప్పుడే గుర్తొచ్చినట్టు ఎస్సైగారి ముందు పుస్తకం పెట్టి, ఆ రోజు సాయిబును ఆ ఊళ్లో చూశానని చెప్పాను. ఆయన హెడ్డును అందరి ముందూ చెడామడా తిట్టాడు. నేను కోరుకున్నదే, కానీ చూడలేక తల దించుకున్నాను. బయటికొచ్చాక హెడ్డు నా దగ్గరికొచ్చాడు.

"నాతో మాట్లాడకపోతే పోయావు. చీటీ ముక్క రాసి బల్ల మీద పెట్టలేకపోయావటయ్యా?"



సాయిబును వదిలేశారు, మర్నాడు విల్లు కోసం వచ్చాడు. అవి కొత్త పత్తి ఇళ్లకు చేరే రోజులు, అతని ఏడాది తిండంతా ఆ నెలన్నరలోనే. ఆసాములు ఇంకొకరి చేత ఏకించుకున్నారట. జైలుకు పోయొచ్చినవాణ్ణి దొడ్లోకి రానిచ్చేది లేదన్నారట. మా స్టేషన్ మూల పడున్న విల్లు నారిని ఎలుకలు కొరికేశాయి. ఆ ముక్కల్ని కండువాలో మూట కట్టుకుని నాకు రెండు చేతులూ జోడించాడు.

"మీరు చూడబట్టి బతికానండయ్యా. తమరికెప్పుడు గుర్తొచ్చిందండీ?"

"నిన్ననే," అన్నాను.

హెడ్డు బల్ల దగ్గరే ఉన్నాడు. విన్నాడు, కాదనలేదు. ఆ సాయంత్రం నుంచీ మా ఇద్దరికీ మళ్లీ మాటలు కలిశాయి.