గీత వెనక గోల్‌కీపరు

మా ఇంట్లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఇంకా ముగియలేదు. మేమిద్దరం ఐర్లండ్‌లోని లిమరిక్‌కి డాక్టర్లుగా రాకముందు, కోస్తాలో, కుండపోత వానలో జరిగిన మ్యాచ్ అది. మా యూనివర్సిటీకీ మా ఆయన యూనివర్సిటీకీ మధ్య ఏటా ఒక కప్పు కోసం కొట్లాట ఉండేది.

ఆ కప్పుకి ఒకవైపు పిడి లేదు. విరగ్గొట్టింది వాళ్లేనని మా సీనియర్లు, మేమేనని వాళ్ల సీనియర్లు. ఏ ఏడు ఎవరు గెలిచినా, ఓడినవాళ్లు రిఫరీనీ, బంతిలో గాలినీ, ఆ మధ్యాహ్నం మెస్సులో పెట్టిన పులిహోరనీ తప్పుపట్టేవాళ్లు. మా పౌరుషం చూస్తే ప్రపంచకప్పు అనుకోవాలి. ఆట చూస్తే మాత్రం అలాంటి అనుమానమేమీ రాదు.

నేను మూడో ఏడు చదువుతుండగా మావాళ్లు ఒక గోలు వెనకబడ్డారు. ఆఖరి నిమిషంలో మావాడు కొట్టిన బంతి వాళ్ల గోల్‌కీపరు చేతుల్లో పడింది. అతను నిలబడింది గీత వెనక. పక్కనే మా యూనివర్సిటీ జెండా పట్టుకుని ఉన్న నేను కళ్లారా చూశాను. సున్నం గీత వానకి కొట్టుకుపోయిందని రిఫరీ గోలు ఇవ్వలేదు. కప్పు వాళ్లకెళ్లింది. ఆ గోల్‌కీపర్ని నిలదీయడానికి నేను వెళ్లాను. వాదన తేలలేదు. పీజీ అయ్యేదాకా లాగినా తేలలేదు, ఇక పెళ్లి చేసుకున్నాం. తలంబ్రాలు పోస్తుంటే మావాళ్లు "గోల్!" అని అరిచారు, వాళ్లు "కాదు!" అని అరిచారు. పంతులుగారు కాసేపు మంత్రం ఆపేశారు.

కరోనా వచ్చిన మొదటి ఏడు ఆస్పత్రి నుంచి ఆయన దాన్ని ఇంటికి తెచ్చాడు. మేడ మీద చిన్న గదిలో తలుపేసుకున్నాడు. నేను గుమ్మం దగ్గర పప్పుచారు, అన్నం పెట్టి, మెట్ల మీద కూర్చునేదాన్ని. ఎలా ఉందంటే "గ్రాండ్" అనేవాడు, అంటే బాగానే ఉన్నానని. ఈ దేశంలో కాలు విరిగినవాడూ ఆ మాటే అంటాడు, దాన్ని నమ్మి ఏ డాక్టరూ ఇంటికి పోడు. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు ఉంది కానీ, ఆ నంబరు చదివి చెప్పాల్సింది ఆయనే. గోలు విషయంలో ఇన్నేళ్లుగా అబద్ధం ఆడుతున్నవాడికి నంబరు ఒక లెక్కా?

అందుకని వార్డులో చేసే పనే ఇంట్లోనూ చేశాను. ఊపిరాడని మనిషి వాక్యం పూర్తిచేయలేడు. మధ్యమధ్య ఆగుతాడు. ఆయన చేత పొడుగు వాక్యం చెప్పించాలంటే నాకు తెలిసిన మందు ఒకటే.

"నువ్వు గీత వెనక ఉన్నావు," అనేదాన్ని రోజూ, మధ్యాహ్నం భోజనం పెట్టాక.

"రిఫరీ పక్కనే ఉన్నాడు, కళ్లజోడు కూడా పెట్టుకున్నాడు, నువ్వొక్కదానివే చూసిన గోలు మైదానంలో ఇంకెవరికీ ఎందుకు కనపడలేదో ముందు అది చెప్పు!" అని తలుపు వెనక నుంచి ఒక్క ఊపిరిలో వచ్చేది. నేను నిశ్చింతగా వంటింట్లోకి పోయి అన్నం తినేదాన్ని.

ఆరో రోజు అదే జవాబుకి మూడుచోట్ల ఆగాడు. ఏడో రోజు కళ్లజోడు దాకా రాలేదు. ఎనిమిదో రోజు నేనడిగాక చాలాసేపు చప్పుడు లేదు.

"సరే," అన్నాడు. కాసేపాగి, "గోలే."

ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లు చూశానో. తీరా అది చెవిన పడగానే, ఈ మనిషి పోతాడు అనుకున్నాను. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేశాను. వాళ్లొచ్చి స్ట్రెచరు మీద దించుతూ "గ్రాండ్, గ్రాండ్" అంటుంటే నాకు ఒళ్లు మండింది.

పదహారు రోజులకి తిరిగొచ్చాడు, చిక్కి సగమై. వంటింటికీ హాలుకీ మధ్య రెండుసార్లు కూర్చునేవాడు. ఆ మ్యాచ్ ఊసు నేనెత్తలేదు. అడిగితే మళ్లీ ఎక్కడ ఒప్పుకుంటాడో అని భయం.

నెల దాటాక ఒక ఉదయం నేను టీ కాస్తున్నాను. ఆయన కప్పుల కోసం అల్మరా తలుపు తీస్తూ, వెనక్కి తిరక్కుండానే మొదలెట్టాడు.

"ఆ రోజు నేనన్నది లెక్కలోకి రాదు, ఊపిరాడని మనిషి దగ్గర రాబట్టిన ఒప్పుకోలు ఏ కోర్టులోనూ చెల్లదు, గీత అక్కడే ఉంది, నేను దాని ముందే ఉన్నాను, జెండా మొహానికి అడ్డం పెట్టుకుని చూసిందానివి నువ్వు!"

ఎక్కడా ఆగలేదు. టీ పొంగి పొయ్యి మీద పడుతున్నా నేను కదల్లేదు.

"నువ్వు గీత వెనకే ఉన్నావు," అన్నాను, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "కాదని ఇంకోసారి చెప్పు."