వంట చేయడానికే వస్తాను

మురమళ్ళ రామలక్ష్మి మొదటిసారి దుబాయి వెళ్ళినప్పుడు ఏజెంటు అంజిబాబు నేర్పిన ఇంగ్లీషు రెండే ముక్కలు: "యస్ సార్." వెళ్ళింది వంటకి. అడిగినదానికల్లా యస్ అనడంతో బట్టలూ, పిల్లలూ, ముసలాయన సేవా అన్నీ నెత్తిన పడ్డాయి. రెండేళ్ళ తర్వాత పగిలిన అరచేతులతో ఇంటికొచ్చింది.

2001లో అదే అంజిబాబు మస్కట్‌లో వంటపని మాట తెచ్చేసరికి, ముందు ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంటానని పట్టుబట్టింది. పగలంతా కొబ్బరి పీచు పని, సాయంత్రం రిటైరైన సత్యప్రసాద్ మేష్టారి అరుగు. మేష్టారి భార్య మాధవీలత గారు ఆమె కోసం గ్లాసుడు మజ్జిగ అట్టేపెట్టేవారు. కింద కూర్చోబోతే కుర్చీ జరిపేవారు. ఆ తల్లి చల్లగా ఉండాలి.

"దేనికొస్తున్నావని అడుగుతారమ్మా. 'టు కుక్' అను" అన్నారు మేష్టారు.

"'ఫర్ కుకింగ్' అంటే కాదేటండీ?"

"అది ఈ గిన్నె దేనికుందో చెప్పడానికి. నువ్వెందుకు వెళ్తున్నావో చెప్పాలంటే 'టు కుక్'. నువ్వు గిన్నెవా?"

"ఆయ్, కాదండీ!" అని నవ్వింది.

అమలాపురం లాడ్జిలో ఇంటర్వ్యూ. అయిదుగురు ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. "ఏమడిగినా యస్ అనండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు అంజిబాబు. ముందున్న చిన్నమ్మలు అనే ఆవిడ అన్నింటికీ తలూపి వచ్చింది. తర్వాత రామలక్ష్మిని పిలిచారు.

"ఎందుకొస్తున్నావు?" అని ఇంగ్లీషులో అడిగాడు, మస్కట్ వాళ్ళ తరఫున ఫైలు పట్టుకుని కూర్చున్నాయన.

"ఐ యామ్ కమింగ్ టు కుక్, సార్."

"వాషింగ్? చిల్డ్రన్?"

"నో సార్. టు కుక్."

అంజిబాబు పళ్ళికిలించాడు. "యస్ అంటోంది సార్."

"నేననలేదండీ" అని, ఫైలాయన వైపు తిరిగి మళ్ళీ "నో సార్" అంది.

ఆయన ఆమె కాగితం పక్కన పడేశాడు.

వరండాలో అంజిబాబు ఎగిరిపడ్డాడు. "నిన్నింకెవడు పంపుతాడో చూస్తాను!"

"చూద్దురుగాని. ముందు మీ దగ్గరున్న నా పాస్‌పోర్టు ఇలా ఇవ్వండి."

"తర్వాత ఇస్తాలే."

"ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానండీ."

మెట్ల మీద ఎండలో కూర్చుంది. లాడ్జి ఊడ్చే ముసలామె, ఎవరూ చెప్పకుండానే, స్టూలు తెచ్చి నీడలో వేసింది. నాలుగింటికి అంజిబాబు పాస్‌పోర్టు విసురుగా చేతిలో పెట్టి పోయాడు. తమ ఊరి వీరేశ్వరస్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకుని బస్సెక్కింది. మర్నాడు మళ్ళీ పీచు పనికి వెళ్ళింది.

ఏడాది తిరక్కుండా వేరే ఏజెంటు ద్వారా మస్కట్ చేరింది. ఆ ఇంట్లో తొలిరోజే ఇస్త్రీపెట్టె చేతికివ్వబోయారు. రామలక్ష్మి పుచ్చుకోలేదు.